కంఠమునందలి నాలుగు గింజలు

మన కంఠమున, శ్వాసనాళమునకు ముందువైపున, సీతాకోకచిలుక ఆకారమున థైరాయిడ్ గ్రంథి కలదు. దాని వెనుక బియ్యపుగింజలంతటి గ్రంథులు సాధారణముగా నాలుగుండును. ఇవియే పారాథైరాయిడ్ గ్రంథులు. ఈ రెంటికిని పేరున పొత్తే కాని పనిలో పొత్తు లేదు. రక్తములో కాల్షియమును తగుపాళమున నిలుపుటయే ఈ గింజల పని.

వీనిని తొలుత చూపినది మన దేశపు ఖడ్గమృగమే. 1849లో లండన్ జంతుప్రదర్శనశాలలో మరణించిన ఆ మృగమును కోసి పరీక్షించుచు రిచర్డ్ ఓవెన్ ఈ గ్రంథిని గుర్తించెను. మానవ శరీరమున వీనిని 1880లో వర్ణించిన ఐవార్ సాండ్‌స్ట్రామ్ స్వీడన్‌లో ఒక వైద్యవిద్యార్థి. వీని విలువ తెలియని ఆ దినములలో థైరాయిడ్ తీసివేయబడిన రోగులు కొందరు చేతులు కొంకర్లు పోయి బాధపడిరి. ఆ బాధ కాల్షియముతో తగ్గునని 1909లో మెకల్లమ్, వోగ్ట్‌లిన్ అను వారు నిరూపించిరి.

ఈ కథలో తెలుగువానికిని పాలు కలదు. ఈ వ్యాధిలో కాల్షియము తగ్గగా భాస్వరము పెరుగును. రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించినవాడు, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

నేడు శస్త్రవైద్యులు ఈ గింజలను కాపాడుటకు ఎంతయో జాగ్రత్త వహింతురు. అయినను వానికి రక్తప్రసారము తగ్గినచో అవి కొంతకాలము మందగించును. సాధారణముగా మొదటి నాలుగు దినములలోనే కాల్షియము పడిపోవును. అప్పటికి రోగి ఇల్లు చేరియుండవచ్చును. పెదవుల చుట్టు, వ్రేళ్ల కొనలయందు తిమ్మిరి, చీమలు ప్రాకినట్లుండుట దీని తొలి గురుతులు. సత్తెనపల్లి ప్రాంతమున మిరపకోతకు పోవు స్త్రీ దీనిని మిరపఘాటు మంటయని సరిపెట్టుకొనుట కవకాశము కలదు. అది ప్రమాదము. వ్రేళ్లు బిగుసుకొనినను, గొంతు పట్టివేసినను, మూర్ఛ వచ్చినను తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. అచ్చట నరములోనికి నెమ్మదిగా కాల్షియము నెక్కింతురు.

రాగిజావ, పెరుగు, నువ్వులు మేలే. కాని పారాథైరాయిడ్ రసము లేనిచో ఆహారములోని కాల్షియము చాలినంత రక్తమున చేరదు. కావున కాల్షియము మాత్రలతోపాటు, పనిచేయు రూపమున నున్న డి విటమిన్‌ను వైద్యులిత్తురు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసికొనినచో, కాల్షియము మాత్రకు నాలుగు గంటల ఎడముండవలెను. లేనిచో మొదటిది ఒంటబట్టదు. తిమ్మిరి తగ్గినదని మాత్రలు మానరాదు. ఎక్కువైనచో మూత్రపిండములలో రాళ్లేర్పడును గనుక తమంతట పెంచనురాదు. రక్తపరీక్షయే కొలబద్ద.

పెక్కుమందికి ఈ లోపము కొన్ని వారములలో, లేదా నెలలలో తీరిపోవును. కొందరికి మాత్రము జీవితాంతము మందు తప్పదు. వారును క్రమము తప్పనిచో పొలముపనియు, బడిపనియు నిశ్చింతగా చేసికొనగలరు. ఉపాధ్యాయులు ఈ నాలుగు గురుతులను పిల్లలకు చెప్పినచో, ఇంటనున్న తల్లి చేతి తిమ్మిరిని సకాలమున గుర్తించు కన్ను ఒకటి ఆ ఇంటనే యుండును.