స్థలమున్నను చేరలేని మెమొరీ

కంప్యూటరు మెమొరీ పెంచుట యనగా పెట్టెలో మరికొన్ని చిప్పులు అమర్చుటయే యని తోచును. కాని స్థలము కలిగియుండుట వేరు, దానిని చేరగలుగుట వేరు. 1980వ దశకములో పర్సనల్ కంప్యూటరులు కొన్నవారు ఈ భేదమును సొమ్ము వెచ్చించి తెలిసికొనిరి.

కృష్ణా జిల్లా మెట్టసీమగా పేరొంది, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ప్రాంతమునుండి ఒక ఉపమానము గైకొందము. జగ్గయ్యపేటలో ఒక మిరపకాయల వర్తకుడు కలడనుకొనుడు. ఆయన గుమాస్తా చీటీపై రెండంకెలు మాత్రమే వేయగలడు. సున్న మొదలు 99 వరకు నూరు గదులకే సరుకు పంపగలడు. యజమాని మరి యేబది గదులు కట్టించినను, వాటి సంఖ్య వ్రాయు నేర్పు గుమాస్తాకు లేదు. గదులున్నవి, ఉపయోగము లేదు.

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు స్థితి ఇట్టిదే. అందలి 8088 ప్రాసెసరుకు చిరునామా తెలుపు తీగలు 20. ఒక్కొక్క తీగకు రెండే స్థితులగుటచే, మొత్తము 10,48,576 చిరునామాలు, అనగా ఒక మెగాబైటు లభించెను. ఇందు పైనున్న 384 కిలోబైట్లు తెరకును, స్థిరముగ నుండు ప్రోగ్రాములకును ప్రత్యేకింపబడెను. మిగిలిన 640 కిలోబైట్లలోనే డాస్, మన ప్రోగ్రాములు, లెక్కలు అన్నియు ఇమడవలెను.

మొదటి యంత్రపు ప్రధాన ఫలకముపై 64 కిలోబైట్లకు మించి పట్టకుండుటచే, 640 అపారముగ తోచెను. 1983లో లోటస్ 1-2-3 వచ్చిన పిదప ఆ భావము మారెను. అది లెక్కల పట్టికనంతయు మెమొరీలోనే నిలుపును. వరుసలు పెరిగిన కొలది చోటు చాలక, ఒకే ఖాతాను రెండు ముక్కలు చేయవలసి వచ్చెడిది.

1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ఒక ఉపాయము ప్రకటించినవి. మన వర్తకుడు నందిగామలో పెద్ద గిడ్డంగి తీసికొని, జగ్గయ్యపేటలో నాలుగు గదులు ఖాళీగా ఉంచెననుకొనుడు. ఏ సరుకు కావలసిన, దానిని ఆ గదులకు రప్పించును. గది సంఖ్యలు మారవు. లోపలి సరుకు మారును. గుమాస్తా ఎప్పటి రెండంకెలతోనే పని నడుపును. అట్లే, ఒక్కొక్కటి 16 కిలోబైట్ల నాలుగు పుటలను పై భాగమున నిలిపి, వేరొక కార్డుపైనున్న మెమొరీని విడతలుగా అందు చూపిరి. దీనిని ఎక్స్పాండెడ్ మెమొరీ యనిరి. 1987 నాటి సవరణతో దీని పరిమితి 32 మెగాబైట్లాయెను. అయితే ఈ పద్ధతి నెరిగి వ్రాయబడిన ప్రోగ్రాములకే దీని లాభము.

80286 ప్రాసెసరుకు 24 తీగలుండి, 16 మెగాబైట్ల వరకు చేరగలిగినను, సామాన్యమైన డాస్ ప్రోగ్రాములు పాత రీతిలోనే నడచుటచే ఆ పై మెమొరీ వాటికి అందకుండెను. 1985లో వచ్చిన 80386, కార్డు లేకయే ఆ పుటల మార్పిడిని తానే జరుపగల్గెను. 1991లో డాస్ 5 తనలో కొంత భాగమును మెగాబైటునకు పైకి జరుపుకొని, క్రింద చోటు విడిచెను.

ఈ కథ ముగియలేదు. నేటికిని 32 బిట్ల విండోసు నడుచు ఇంటి కంప్యూటరులో 8 గిగాబైట్లు అమర్చినను, అది 4 గిగాబైట్లకు మించి వాడుకొనలేదు. కావున మెమొరీ కొనబోవువారు ఎంత యని మాత్రమే గాక, దానిని తమ యంత్రమును, అందు నడుచు ప్రోగ్రామును చేరగలవా యని ముందుగా విచారించుట మేలు.