ట్రంకుపెట్టెలో లాలాగూడ

తాతగారి ట్రంకుపెట్టె. పైన పాత పంచెలు, వాటి కింద పెన్షన్ కాగితాలు, అట్టడుగున అంచులు చిరిగిన గ్రూప్ ఫొటో. మెడలో పూలదండతో మధ్య కుర్చీలో కూర్చున్నది తాతగారే. మరి పక్కనున్న వాళ్లెవరు? వెనక కనిపిస్తున్న షెడ్డు ఏది? చెప్పడానికి ఆయన లేరు. నానమ్మ ఉంటే 'ఈయన మన మెట్టుగూడ ఆయనే' అంటూ ఇద్దరు ముగ్గుర్ని గుర్తుపడుతుంది. ఆమె కూడా లేని రోజున ఆ ఫొటో పాత పేపర్లతోపాటు తక్కెట్లోకి వెళ్లిపోతుంది!

సికింద్రాబాద్‌కు ఒకప్పుడు శివారుగా ఉన్న లాలాగూడ రైలుతో పెరిగిన పేట. 1874లో సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ వెలిసింది. పనివాళ్లు వచ్చారు, క్వార్టర్లు లేచాయి. రైల్వే చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. మరి ఆ క్వార్టర్ల ముందు వాకిళ్లు ఎలా ఉండేవి? సందు చివర ఏ కొట్టు ఉండేది? అది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇళ్లలోని ఫొటోల్లోనే ఉంటుంది.

అక్షరాలే ఆనవాళ్లు

ఫొటో వెనక తేదీ లేదా? కంగారొద్దు. బోగీమీదో, బిళ్లమీదో ఉన్న అక్షరాలు చూడండి. 'ఎన్.జి.ఎస్.ఆర్.' అంటే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకున్నాక 'ఎన్.ఎస్.ఆర్.' అయింది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. అలా నాలుగు అక్షరాలతో ఫొటో వయసు చాలావరకు తేలిపోతుంది.

కాగితాలూ అంతే. జీతం చీటీలో 'ఓ.ఎస్.' అని ఉంటే అది ఉస్మానియా సిక్కా... హైదరాబాద్ సంస్థానపు సొంత రూపాయి. రసీదులో అణాలుంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. 'నయా పైసలు' ఉంటే ఆ తర్వాతి ఏడేళ్లది. ఉత్తరం మీద ఆరంకెల పిన్ కోడ్ ఉందా? అయితే 1972 ఆగస్టు 15కు ముందుది కాదు.

అందుకే పాత రైలు టికెట్ అట్టముక్కనూ, సినిమా కరపత్రాన్నీ, పెళ్లి శుభలేఖనూ తీసిపారేయకూడదు. శుభలేఖలో ఇంటి చిరునామా ఉంటుంది, విందు ఎక్కడో ఉంటుంది. పడగొట్టేసిన ఇల్లు, మూతపడ్డ హాలు అక్కడ బతికే ఉంటాయి.

రాజుల ఫొటోలు సరే...

ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో సికింద్రాబాద్‌లోనే ఉండేది. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరి భద్రంగా ఉన్నాయి. ఆ గాజు పలకల పుణ్యమా అని నవాబుల దర్బార్లు ఈనాటికీ చూడగలుగుతున్నాం. వర్క్‌షాప్ ఫిట్టర్ ఇంట్లో జరిగిన పెళ్లిని ఎవరు దాస్తారు? ఆ ఇంటివాళ్లే దాచాలి.

ఇలా దాచుకోండి

* ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. బాల్‌పెన్ వద్దు, ముందువైపు అచ్చు పడుతుంది.
* చిరిగిన చోట సెల్లో టేపు అతికించొద్దు. లామినేషన్ అసలే వద్దు.
* అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకొద్దు. అద్దంతో సహా మరో ఫొటో తీయండి.
* జిగురు పేజీల ఆల్బమ్‌లకన్నా ఆమ్లం లేని కాగితపు కవర్లు మేలు. గోడవారన, చెమ్మ తగిలేచోట పెట్టొద్దు.
* స్కాన్ చేసి రెండు చోట్ల దాచండి. ఒకటి ఇంట్లో, మరొకటి దూరాన ఉన్న బంధువుల దగ్గర. స్కాన్ అయింది కదా అని అసలును పారేయొద్దు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ఈ ఆదివారం భోజనాలయ్యాక పెట్టె తెరిచి, ఫొటోలు నానమ్మ ముందు పరవండి. ఒక్కో ముఖం మీద వేలుపెట్టి 'ఈయనెవరు?' అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. కాగితం మరో పదేళ్లు ఆగుతుందేమో... జ్ఞాపకం ఆగదు!