వలస వచ్చిన పచ్చదనం

రెడ్డిగూడెం అనగానే మామిడి తోటలు గుర్తొస్తాయి. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు డివిజన్‌లోని ఈ మండలంలో వేసవంటే కాయకోతల కాలం. తోటకు వెళ్లే డొంకదారిలో ఒక్కసారి చుట్టూ చూడండి. గట్టున చింతచెట్టు, చేలో మిరప, కాలవ ఒడ్డున సర్కారు తుమ్మ, దారి పొడవునా వయ్యారిభామ. వీటిలో ఈ నేలలో పుట్టిందేది?

ఒక్కటీ కాదు. చింతది ఆఫ్రికా. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. మామిడి సంగతి అడిగినా శాస్త్రవేత్తలు ఈశాన్య భారతం, మయన్మార్ వైపే చూపిస్తారు. పరాయివన్నీ చెడ్డవే అంటే పులుసూ ఉండదు, ఆవకాయా ఉండదు.

2011లో మార్క్ డేవిస్ సహా 19 మంది పర్యావరణ శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఇదే మాట అన్నారు: ఎక్కడ పుట్టిందని కాదు, ఏం చేస్తోందో చూడండి అని. వెంటనే 141 మంది శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. పరాయి జీవులన్నిటినీ మేమూ కాదనడం లేదు, కానీ కొన్నిటి హాని దశాబ్దాల తర్వాతగానీ బయటపడదు, అప్పటికి చేయి దాటిపోతుంది అన్నారు. నాకు ఈ రెండో మాటే బలంగా తోస్తుంది. అందుకు సాక్ష్యం మన సర్కారు తుమ్మే.

1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం, బీడు పచ్చబడటం కోసం. మేకలు కాయలు తిన్నాయి, పెంటికలతో గింజలు ఊరూరా చేరాయి. పొయ్యి వెలిగించి పేదవాణ్ని ఆదుకున్న మాట నిజం. కానీ అది అల్లుకున్న చోట గడ్డి మొలవదు, చెరువు గర్భాలు కంపతో పూడిపోయాయి.

వయ్యారిభామతో ఆ కాస్త మేలు కూడా లేదు. క్యారెట్ ఆకులాంటి ఆకు, గుండుసూది తలకన్నా కాస్త పెద్దవైన తెల్లపూలు. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. ముట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. 1950లలో పుణె దగ్గర కనబడిన ఈ కలుపు దేశమంతా పాకింది. పుట్టింటిలో దీన్ని తినే పురుగులున్నాయి, ఇక్కడ లేవు. అందుకే అంత విజృంభణ. 1980లలో మెక్సికో నుంచి ఒక పెంకుపురుగును బెంగళూరుకు తెప్పించి, పరీక్షించి మరీ వదిలారు. అదీ పరాయిదే, కానీ పనికొచ్చింది. వానాకాలంలో ఆకులు తినేస్తుంది, కలుపును పూర్తిగా మాత్రం తుడిచిపెట్టలేకపోయింది.

2021లో మిరప రైతును ముంచిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియాది. పూలలో దూరి రసం పీల్చేస్తే పూత రాలిపోయింది. నీలిరంగు జిగురు అట్టలు కట్టినా, మందు మీద మందు కొట్టినా చాలామంది చేలు నిలబడలేదు. వచ్చాక పోరాడటానికీ రాకముందే ఆపడానికీ ఉన్న ఖర్చు తేడా ఆ రైతులకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

కాబట్టి చింతను నరకొద్దు, మిరపను తిట్టొద్దు. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకేయండి. విదేశాల్లో ఉన్న పిల్లలు వచ్చేటప్పుడు మాత్రం అనుమతి లేని మొక్క, విత్తనం, పిడికెడు మట్టి కూడా తేవద్దని చెప్పండి.