ఆట తెరుచుకోనప్పుడు

విండోస్‌లో ఆట తెరుచుకోకపోతే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడాలి. ఆట పాత ప్రాసెస్ అక్కడ ఇరుక్కుపోయి ఉంటే ఎండ్ టాస్క్ కొట్టి మళ్లీ తెరవాలి.

ఎర్రర్ సందేశం వస్తే నిజానికి మంచిదే, చదవకుండా మూసేయకూడదు. ‘వీసీరన్‌టైమ్140.డీఎల్‌ఎల్’ లేదని ఉంటే, కావాల్సింది మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్. 64 బిట్ విండోస్‌లోనూ 32 బిట్ ఆటలకు ఎక్స్86 రకమే కావాలి కనుక 32, 64 బిట్ రకాలు రెండూ వేసుకోవడం మేలు. ‘డీ3డీఎక్స్9_43.డీఎల్‌ఎల్’ అడిగే పాత ఆటలకు 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ వేయాలి; విండోస్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా ఆ పాత ఫైళ్లు దానితో రావు. ఊరూపేరూ లేని సైట్ల నుంచి విడి డీఎల్‌ఎల్ తెచ్చి పెట్టడం మాత్రం వైరస్‌ను చేజేతులా పిలవడమే.

సందేశమే రాకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ విభాగం చూడాలి. ఆట కుప్పకూలి ఉంటే కారణమైన ఫైలు పేరు సాధారణంగా అక్కడ ఉంటుంది. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌దైతే కార్డు తయారీ సంస్థ సైట్ నుంచి కొత్తది వేయాలి. ఆట ఫైలును యాంటీవైరస్ పక్కన పెట్టేసిందేమో కూడా చూడాలి. స్టీమ్ ఆటలకైతే ఫైళ్లను సరిచూసి, పాడైనవాటినే మళ్లీ దించే సదుపాయం ప్రాపర్టీస్‌లో ఉంది.

ఆటను తీసేసి మళ్లీ వేయడం ఆఖరి మార్గం. దానికి ముందు సేవ్ ఫైళ్లను వేరేచోటికి కాపీ చేసుకోండి.