కొండ ఎక్కుతారు సరే, దిగడం మాటేమిటి?

ఈ మధ్య నా దగ్గరికి వచ్చే వాళ్ళ నోట కొత్త రకం ప్రశ్న ఒకటి వినబడుతోంది.

"మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడండీ. వేసవికి మమ్మల్ని రమ్మంటున్నాడు. అక్కడ ఏదో దీవిలో అగ్నిపర్వతం ఉందిట. గైడు వెంట పదిమందీ కలిసి నడుచుకుంటూ వెళ్ళి చూసి రావడమట. డబ్బు కూడా కట్టేశాడు. ఈ వయసులో మేం వెళ్ళొచ్చా?"

అడిగేది రిటైరయిన మేష్టారో, బ్యాంకు ఉద్యోగో, వాళ్ళ ఆవిడో. వయసు అరవైకి అటూ ఇటూ. ఒకరికి రక్తపోటు, ఒకరికి చక్కెర, ఇద్దరికీ మోకాళ్ళ నెప్పులు.

వెళ్ళొచ్చనో, వద్దనో ఒక్క ముక్కలో చెప్పి పంపించెయ్యడం నాకు చేతకావడం లేదు. ఎంచేతనంటే 2023 మే నెలలో నేనూ మా ఆవిడా అలాంటి నడకకే వెళ్ళాం. మా అమ్మాయి ఇటలీలో చదువుకుంటోంది. తనే ఏర్పాటు చేసింది. ఆ నడకలో నేనొక తప్పు చేశాను. డాక్టరన్నవాడు చెయ్యకూడని తప్పు. ముందు అది చెబుతాను. సలహాలు తరవాత.

ఒకే కొండ, ఒకే దీవి

మేం వెళ్ళింది స్ట్రాంబోలి అనే దీవికి. సిసిలీకి ఉత్తరాన, మధ్యధరా సముద్రంలో ఉంది. దీవి అంతా కలిపి ఒక్కటే కొండ. సముద్ర మట్టానికి 924 మీటర్ల ఎత్తు. రెండు వేల ఏళ్ళకు పైగా, కొద్ది నిమిషాలకొకసారి నిప్పు ఎగజిమ్ముతూనే ఉంది. అందుకే దీన్ని మధ్యధరా సముద్రపు దీపస్తంభం అంటారు. ఊళ్ళో వీధులు ఇరుకు. మన సరుకు ఆటోల్లాంటి మూడు చక్రాల బళ్ళే సామాను మోస్తాయి. జనాభా కొన్ని వందలు. పెద్దాసుపత్రి లేదు. ప్రాణం మీదికొస్తే హెలికాప్టరులోనో పడవలోనో సిసిలీకి తరలించాలి. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే వస్తాయి.

2019 జులై 3న ఆ కొండ మామూలు కంటే చాలా పెద్దగా పేలింది. నడవడానికి వచ్చిన ఒక మనిషి చనిపోయాడు. ఆ తరవాత శిఖరానికి వెళ్ళే దారి మూసేశారు. మేం వెళ్ళినప్పుడు గైడుతో 400 మీటర్ల ఎత్తు దాకానే అనుమతి. కొండ తీరును బట్టి ఈ హద్దును మారుస్తుంటారు. "ఇంత దూరం వచ్చాం, ఇంకాస్త పైకి పోనివ్వండి" అని గైడును బతిమాలడం అవివేకం.

"నేను డాక్టర్ని!"

మా బృందంలో పదకొండుగురం. సాయంత్రం బయలుదేరి, చీకటి పడ్డాక పైనుంచి నిప్పు చూసి, నెత్తికి కట్టుకున్న దీపాల వెలుగులో దిగి రావాలి. బయలుదేరేముందు చర్చి దగ్గర గైడు అందర్నీ నిలబెట్టి ఒక్కొక్కర్నీ అడిగింది: గుండె జబ్బుందా, ఆయాసముందా, కీళ్ళ బాధలున్నాయా అని. మా ఆవిడ దాచకుండా చెప్పింది, "నాకు ఉబ్బసం ఉంది. పీల్చే మందు ఇదిగో, జేబులో ఉంది." గైడు ఆమెను తన వెనకాలే నడవమంది.

తరవాత నా వంతు. నా కుడి మోకాలు మూడేళ్ళుగా బాధపెడుతోంది. ఫిల్ము తీయిస్తే అరుగుదల కనబడింది కూడా. పరాయి దేశంలో, పదిమంది ముందు ఆ మాట చెప్పడానికి నామోషీ అనిపించింది. "నేను డాక్టర్ని" అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదు. కాని ఆవిడ నమ్మింది.

ఎక్కేటప్పుడు నన్ను మించిన వాడు లేడు. పైకి చేరాం. చీకట్లో కొండ గొంతులోంచి ఉరిమినట్టు చప్పుడు, ఆ వెంటనే ఎర్రటి నిప్పు ముద్దలు ఎగిరిపడటం. అదొక జన్మకు సరిపడే దృశ్యం. అబద్ధం చెప్పను.

దిగడం మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు నా మోకాలు పట్టేసింది. అడుగు కింద పెడితే మెలిపెట్టినట్టు నెప్పి. కూలబడ్డాను. నా కోసం పదిమందీ ఆ చీకట్లో ఆగారు. చెమట పట్టిన ఒంటి మీద సముద్రపు గాలి చలి పుట్టిస్తోంది. నాకంటే పెద్దావిడ ఒకామె తన ఊతకర్రలు రెండూ నా చేతిలో పెట్టింది. గైడు ముందు నడుస్తుంటే ఆమె సంచి పట్టుకుని, పిల్లవాడిలా అడుగులో అడుగేసుకుంటూ దిగాను. గంటలో అయ్యే పని రెండు గంటలయింది. కిందికొచ్చాక ఆమె కోప్పడలేదు. ఒక్కమాట అంది. "ముందే చెబితే మిమ్మల్ని సగంలోంచి వెనక్కి పంపి ఉండేదాన్ని. అక్కణ్ణుంచి కూడా నిప్పు కనబడుతుంది."

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు. ఛాతీ నెప్పి దాచిన రోగుల్ని నేనెన్నిసార్లు కేకలేశానో! ఆ రాత్రి ఆ కేకలన్నీ నాకే తిరిగొచ్చాయి.

మనం నడిచి ఎక్కి, బస్సులో దిగుతాం

నేను చేసిన రెండో పొరపాటు లెక్కలో ఉంది. అలిపిరి మెట్లు ఇన్నిసార్లు ఎక్కినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను. కాని ఆలోచించండి. మనలో చాలామంది తిరుమలకు నడిచి ఎక్కుతారు. దిగేది బస్సులో. ఎక్కడం గుండెకీ ఊపిరితిత్తులకీ పరీక్ష. దిగడం మోకాళ్ళకీ తొడ కండరాలకీ పరీక్ష. మొదటిదాంట్లో పాసయినవాడు రెండోదాంట్లో పాసవుతాడని ఎక్కడా లేదు.

మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద మన బరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుంది. ఆ భారాన్ని ఆపేది తొడ ముందుభాగపు కండరం. అది సాగుతూనే బిగిసి ఉండాలి, బండికి బ్రేకు వేసినట్టు. అలవాటు లేని కండరం త్వరగా అలిసిపోతుంది. అప్పుడు భారమంతా కీలు మీదికి పోతుంది. అగ్నిపర్వతం మీద ఉండేవి మెట్లు కూడా కావు. చాలాచోట్ల వదులు ఇసుక, బూడిద, దొర్లే రాళ్ళు. పైగా చీకటి. మర్నాడు, మూడోనాడు తొడలు పుండులా నొప్పెడతాయి. అది జబ్బు కాదు, తగ్గిపోతుంది. కీలు వాచినా, పట్టేసినా మాత్రం నడక మానేసి డాక్టరుకి చూపించండి.

గంధకపు గాలి

కొండలోంచి వచ్చే పొగలో గంధకపు వాయువులుంటాయి. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకి తగిలే ఘాటు ఉంటుందే, అలాంటిది. మామూలు మనిషికి దగ్గు తెప్పిస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు నిమిషాల్లో ఆయాసం తెప్పించగలదు. పీల్చే మందు చొక్కా జేబులో ఉండాలి, హోటలు గదిలో పెట్టెలో కాదు. గాలి మళ్ళి పొగ మీవైపు వస్తే గైడు చెప్పిన వైపుకి వెంటనే కదలండి. ఫొటో కోసం ఆగకండి. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే దుమ్ము ఆగుతుంది గాని వాయువు ఆగదు.

కుళ్ళిన గుడ్డు వాసన వచ్చేది ఇంకో వాయువు. దాని మోతాదు మరీ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కనక "వాసన పోయింది, భయం లేదు" అనుకోకూడదు. బొగ్గుపులుసు వాయువుకు అసలు వాసనే లేదు. గాలికంటే బరువు కాబట్టి పల్లాల్లో పేరుకుంటుంది. స్ట్రాంబోలికి దగ్గర్లోనే వల్కానో అనే దీవి ఉంది. అక్కడ 2021 నవంబరులో ఈ వాయువు ఎక్కువవడంతో, రేవు ప్రాంతంలో జనాన్ని రాత్రిళ్ళు ఇళ్ళల్లో పడుకోవద్దని ఖాళీ చేయించారు. అందుచేత అలసిపోయాం కదా అని గుంటల్లోకి దిగి కూర్చోకండి.

బూడిద కంట్లో పడితే నలపకండి. అది కట్టెల బూడిద కాదు, నలిగిన రాయీ గాజూ. మంచినీళ్ళతో కడగండి. కంట్లో కటకాలు పెట్టుకునేవారు ఆ రోజుకు మామూలు కళ్ళజోడు వాడటం మేలు.

చక్కెర, రక్తపోటు, గుండె

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని, కొన్నిరకాల మాత్రలు గాని వాడేవారికి ఎక్కువ నడకవల్ల చక్కెర బాగా పడిపోవచ్చు. అప్పుడే కాదు, ఆ రాత్రి నిద్రలో కూడా. మోతాదు మార్చాలేమో ప్రయాణానికి ముందే మీ డాక్టరుని అడగండి. ఏమీ తినకుండా బయలుదేరకండి. గ్లూకోజు బిళ్ళలో, పంచదార పొట్లమో దగ్గరుంచుకోండి. చేతులు వణికి, చెమట పట్టి, మాట తడబడితే వెంటనే నోట్లో వేసుకోవాలి. పక్కవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. పాదాలు మొద్దుబారినవారికి బూట్లో ఇసుక దూరినా తెలియదు. ఆగినప్పుడల్లా బూట్లు విప్పి దులపండి. రాత్రి పాదాలు పరీక్షగా చూసుకోండి.

రక్తపోటుకి నీటి మాత్రలు వేసుకునేవారు ఎండలో చెమటోడిస్తే కళ్ళు తిరగవచ్చు. అలాగని మాత్ర మీ అంతట మీరు మానెయ్యకండి. అడిగి మార్చుకోండి. పూటనడకకు మనిషికి లీటరున్నర, రెండు లీటర్ల నీళ్ళు కావాలి. గుండె బలహీనతగాని మూత్రపిండాల జబ్బుగాని ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. జులై, ఆగస్టు ఎండలు అక్కడా తీవ్రమే. ఏప్రిల్, మే నెలలు గాని, సెప్టెంబరు, అక్టోబరు గాని మంచివి.

నడుస్తుంటే ఛాతీ బిగబట్టినట్టుండి, ఆగితే తగ్గుతోందా? దవడకో, ఎడమ చేతికో లాగుతోందా? అయితే టిక్కెట్టు సంగతి మరిచిపోయి ముందు గుండె పరీక్ష చేయించుకోండి. చక్కెర ఉన్నవారికి నెప్పి లేకుండా ఆయాసం, చెమట మాత్రమే రావచ్చు. ఈమధ్యనే గుండెపోటు వచ్చినవారు, రక్తపోటు అదుపులో లేనివారు, తరచు ఆయాసంతో ఆసుపత్రిలో చేరేవారు ఈ నడక పెట్టుకోకండి. కొండ మీద నిప్పు రాత్రి పడవలోంచి కూడా చూడవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఎనిమిది వారాల ముందు నుంచీ

మొదటి రెండు వారాలు రోజూ అరగంట, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగంతో నడవండి. మూడో వారం నుంచి మెట్లు. ఎక్కడం ఎంతో దిగడమూ అంత. లిఫ్టులో దిగితే లాభం లేదు. దానితోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మళ్ళీ చాలా నెమ్మదిగా కూర్చోండి. పదేసిసార్లు, రెండు విడతలు. తొడలకు ఇంతకంటే చవకైన వ్యాయామం లేదు. చివరి నాలుగు వారాల్లో వారానికొకసారి మీ ఊరి గుట్టో, గుడి కొండో ఎక్కి, నడిచే దిగండి. అక్కడికి తొడుక్కెళ్ళే బూట్లు, వీపు సంచీ ఇప్పట్నుంచే వాడండి. కొత్త బూట్లతో కొండెక్కితే మిగిలేవి బొబ్బలే. ఊతకర్రలు రెండు కొనుక్కోండి. అవి ముసలితనానికి గుర్తు కాదు. మోకాళ్ళ భారం కొంత చేతులు పంచుకోవడానికి.

మందుల చీటీలో కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేర్లు రాయించుకోండి. అక్కడి డాక్టరుకి మన కంపెనీ పేర్లు తెలియవు. ఇటలీలో ఆపదకు పిలిచే నెంబరు 112. ప్రయాణపు బీమాలో కొండ నడక, హెలికాప్టరు ఖర్చు ఉన్నాయో లేవో మీ అబ్బాయిచేత చదివించండి.

చివరగా

ఇలాంటి బృందాల్లో మనవాళ్ళకు వచ్చే అసలు జబ్బు మొహమాటం. "నావల్ల అందరికీ ఆలస్యమవుతుందేమో" అని నెప్పి దాస్తారు, దాహం దాస్తారు, ఒంటికి కూడా వెళ్ళకుండా బిగబడతారు. చెబితే అయిదు నిమిషాలు ఆలస్యం. దాస్తే ఏమవుతుందో నన్నడగండి. ఆ రాత్రి ఉబ్బసమున్న మా ఆవిడ రెండుసార్లు ఆగి, మందు పీల్చి, నవ్వుతూ దిగింది. ఏ జబ్బూ లేదన్న డాక్టరు పరాయి మనిషి సంచి పట్టుకుని దిగాడు.

కాబట్టి వెళ్ళండి. రెండు నెలలు తయారయి వెళ్ళండి. గైడు అడిగినప్పుడు మీ ఒంటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. సగంలో ఆగమంటే ఆగండి. అక్కణ్ణుంచి కూడా నిప్పు కనబడుతుంది.