టమాటా మాట పుట్టిన భాష మాట్లాడే కొండ ఊరు: మెక్సికోలోని క్వెట్సాలాన్

ముందు ఒక చిన్న ప్రశ్న. మనం రోజూ పప్పులో వేసుకునే టమాటా ఉంది కదా, ఆ పేరు ఎక్కడిదో తెలుసా? మెక్సికోలోని నావా జనం మాట్లాడే నావాట్ల్ భాషది. ఆ కుటుంబానికి చెందిన భాష ఈ రోజుకీ సంతలో, ఇంట్లో వినిపించే ఊరికి ఇవాళ వెళ్దాం. పేరు క్వెట్సాలాన్.

మెక్సికో సిటీ నుంచి బస్సులో దాదాపు 6 గంటలు. ప్యూబ్లా రాష్ట్రం ఉత్తర కొండల్లో, సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చివరి గంటన్నర అంతా మలుపులే. కడుపులో తిప్పేవాళ్లు ముందే మాత్ర వేసుకోండి.

బస్సు దిగగానే కనిపించేది పచ్చదనం, పొగమంచు. ఎందుకింత పచ్చగా ఉంది? గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తడిగాలి ఈ కొండలకి తగిలి పైకి లేస్తుంది, చల్లబడి వానగా కురుస్తుంది. చలికాలంలో కూడా సన్నటి తుంపర రోజుల తరబడి వదలదు. రాళ్లు పరిచిన ఏటవాలు వీధులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. అందుకే పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి.

ఇప్పుడు అసలు విషయం. ఊరి చుట్టూ చూసి "అబ్బ, ఎంత అడవో!" అంటాం. కానీ అందులో చాలా భాగం తోట. నావా రైతులు దాన్ని క్వోహ్తాకిలోయాన్ అంటారు, అంటే పంటనిచ్చే అడవి అని. పైన పెద్ద చెట్లు, వాటి నీడలో కాఫీ, మధ్యలో అరటి, దాల్చినచెక్క, మసాలాకి వాడే ఆల్‌స్పైస్. మన అరకులో చెట్ల నీడన కాఫీ, చెట్టుకి అల్లుకున్న మిరియాల తీగ చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఈ తోటలోనే తేనె కూడా. ఇక్కడి తేనెటీగలకి కుట్టే ముల్లు ఉండదు. చాలా చిన్నవి. రెండు మట్టికుండలు మూతి మూతి ఆనించి, సందు మూసేసి, అందులో పెంచుతారు. తేనె పల్చగా, కాస్త పుల్లగా ఉంటుంది. మందుగా కూడా వాడతారు.

ఇదంతా హాయిగా సాగిపోయిన కథ అనుకోకండి. 1977 ప్రాంతంలో చక్కెర ధర మరీ ఎక్కువైపోతే, ఊళ్లవాళ్లంతా కలిసి నేరుగా కొనుక్కోవడం మొదలుపెట్టారు. అదే తర్వాత తోసెపాన్ తితతానిస్కే అనే సహకార సంఘం అయింది. కలిసి గెలుద్దాం అని ఆ పేరుకి అర్థం. 1989లో రెండు దెబ్బలు పడ్డాయి. అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కూలి ధర పడిపోయింది. డిసెంబర్‌లో గడ్డకట్టే చలికి కాఫీ మొక్కలు మాడిపోయాయి. ఒక్క పంటనే నమ్ముకుంటే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చింది. ఆ తర్వాత సంఘం తేనె, ఆల్‌స్పైస్, పర్యాటకం అన్నీ కలుపుకుంటూ వచ్చింది. అంటే మీరు ఫొటో తీసే ఆ పచ్చదనం నిలవాలంటే ఆ తోట రైతుకి అన్నం పెట్టాలి. పెట్టకపోతే చెట్లు కొట్టేసి ఇంకేదో వేసుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేం.

ఏం చూడాలి? ఆదివారం వెళ్లండి, సంత ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు చేత్తో నేసిన తెల్లటి బట్టలు కట్టుకుని వస్తారు. చర్చి ముందు ఎత్తైన కొయ్య స్తంభం ఉంటుంది. ఐదుగురు పైకెక్కుతారు. ఒకరు కొసన నిలబడి పిల్లనగ్రోవి, చిన్న డోలు వాయిస్తుంటే, నలుగురు నడుముకి తాడు కట్టుకుని తలకిందులుగా తిరుగుతూ దిగుతారు. సంప్రదాయం ప్రకారం ఒక్కొక్కరు 13 చుట్లు, మొత్తం 52. పాత పంచాంగంలో ఒక చక్రానికి 52 ఏళ్లు మరి! 2009లో యునెస్కో దీన్ని గుర్తించింది. ఇది సర్కస్ కాదు, పూజ లాంటిది. దిగాక టోపీ పట్టుకుని వస్తే ఊరికే పక్కకి తప్పుకోకండి. దగ్గర్లోనే యోవలిచాన్ అనే పాత కట్టడాలు కూడా ఉన్నాయి, గోడల నిండా గూళ్లతో.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట: చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే, ఇండియన్ పాస్‌పోర్ట్‌కి పర్యాటకం కోసం విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు. అయినా టికెట్ కొనేముందు ఒకసారి నిబంధనలు చూసుకోండి.

చివరిగా మూడే మూడు: చేతిలో నగదు ఉంచుకోండి, మనుషుల ఫొటో అడిగి తీయండి, కాఫీ, తేనె పండించినవాళ్ల దగ్గరే కొనండి. ఆ పొట్లంతో పాటు ఆ అడవిలో ఒక చెట్టు నీడ కూడా నిలబెట్టినట్టే. మళ్లీ ఇంకో ఊరితో కలుద్దాం, బై!