ఆకాశపు కథలు - ఒడ్డు పల్లెల ప్రాణాలు

చంద్రుని మీద మనుష్యులు కాపురముండే కథలు, మాట్లాడే యంత్రాల కథలు, నక్షత్రాలకు ప్రయాణమయ్యే ఓడల కథలు. వీటిని సైన్స్ ఫిక్షన్ అంటారు. ఇటువంటి పుస్తకము పట్టుకొని కూర్చున్న పిల్లవానిని చూస్తే మన ఇళ్ళలో పెద్దలు, "ఈ గాలి కబుర్లు అన్నము పెడతాయా? లేచి లెక్కలు చేసుకో" అంటారు. ఆ మాటను మేము తప్పు పట్టడము లేదు. పొలము పనులు, పరీక్షలు, ఫీజుల నడుమ బిడ్డల భవిష్యత్తును గూర్చి భయపడే తల్లిదండ్రుల మాట అది. అయితే ఆ ప్రశ్నకు ఒక జవాబు ఉన్నది. అది ఇంగ్లాండులోని ఒక పొలములో మొదలై మన దివిసీమ దాకా వచ్చింది. దానినే ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

పొలములో పెరిగిన పిల్లవాడు

ఆర్థర్ సి. క్లార్క్ 1917 డిసెంబరు 16న ఇంగ్లాండు సముద్రతీరములోని మైన్‌హెడ్ పట్టణములో పుట్టాడు. పెరిగింది వ్యవసాయ కుటుంబములో. అతనికి 13 ఏళ్ళప్పుడు తండ్రి చనిపోయాడు. తల్లి ఆ పొలమును నమ్ముకొని నలుగురు బిడ్డలను పెంచింది. ఆ రోజులలో అమెరికా కథల పత్రికల పాత ప్రతులు అక్కడి అంగళ్ళలో చవకగా దొరికేవి. అట్టల మీద రాకెట్లు, వింత గ్రహాలు. ఆర్థర్ వాటిని ఒక్కొక్కటిగా కొని పోగుచేశాడు. చదివి ఊరుకోలేదు. తన చేతులతో టెలిస్కోపు కట్టుకొని, రాత్రివేళ చంద్రుని చూస్తూ పటాలు గీశాడు.

పై చదువులకు డబ్బు లేదు. 1936లో లండను చేరి ప్రభుత్వ కార్యాలయములో లెక్కల తనిఖీ ఉద్యోగములో కుదిరాడు. అక్కడ తనవంటి మరికొందరు దొరికారు. 1933లో ఏర్పడిన బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీలో వారు సభ్యులు. రాకెట్టు చేయడానికి వారి చేతిలో డబ్బు లేదు. కాగితము, పెన్సిలు ఉన్నాయి. చంద్రుని వద్దకు పోయే ఓడకు 1930లలోనే వారు నమూనా గీశారు. ఎంత ఇంధనము కావాలి, ఎంత బరువు మోయాలి అని లెక్క కట్టారు. తరువాత యుద్ధము వచ్చింది. క్లార్క్ వైమానిక దళములో చేరి, పొగమంచులో దారి కనబడని విమానాలను రాడారు సహాయముతో క్రిందికి దింపే పనిలో ఉన్నారు.

కథలో నుండి లెక్కలోనికి

1945 అక్టోబరులో 'వైర్‌లెస్ వరల్డ్' అనే పత్రికలో ఆయన ఒక వ్యాసము రాశారు. అందులోని ఆలోచనను పిల్లలకు కూడా చెప్పవచ్చు. తిరునాళ్ళలో రంగులరాట్నము చూశాము గదా. లోపలి వరుస గుర్రము మీద ఒకరు, సరిగ్గా దాని పక్కన బయటి వరుస గుర్రము మీద మరొకరు కూర్చున్నారనుకోండి. ఇద్దరూ తిరుగుతూనే ఉంటారు, అయినా ఒకరికొకరు ఎప్పుడూ ఎదురుగానే కనబడతారు. భూమి తన చుట్టూ తాను తిరగడానికి ఒక దినము పడుతుంది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహము కూడా ఒక చుట్టుకు సరిగ్గా అంతే సమయము తీసుకుంటుంది. కాబట్టి క్రింద ఉన్న మనకు అది ఆకాశములో ఒకే చోట మేకు కొట్టినట్లు నిలిచి కనబడుతుంది. అటువంటివి మూడు ఉంటే దాదాపు లోకమంతటికీ రేడియో కబురు, బొమ్మ పంపవచ్చునని క్లార్క్ చూపించారు.

అప్పటికి మనిషి చేసిన ఉపగ్రహము ఒక్కటైనా ఆకాశములో లేదు. మొదటిది స్పుత్నిక్, 1957లో వెళ్ళింది. క్లార్క్ చెప్పిన ఎత్తున నిలిచిన మొదటి ఉపగ్రహము సింకామ్-3, 1964లో వెళ్ళింది. ఆ ఎత్తును గూర్చి 1929లోనే పొటోచ్నిక్ అనే ఇంజనీరు పుస్తకము రాశాడు. దానిని లోకమంతటికీ కబురందించే సాధనముగా లెక్కలతో వివరించినవారు క్లార్క్. ఆ ఆలోచన మీద ఆయన పేటెంటు తీసుకోలేదు.

మన పల్లెలకు వచ్చిన బొమ్మ

1956లో క్లార్క్ శ్రీలంకకు వచ్చి స్థిరపడ్డారు. 1975 ఆగస్టు 1న మన దేశములో 'సైట్' అనే ప్రయోగము మొదలైంది. అమెరికా వారు ఏటీఎస్-6 ఉపగ్రహమును ఒక సంవత్సరము మనకు వాడుకోనిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలలో టెలివిజన్ పెట్టెలు పెట్టారు. కోళ్ళ దొడ్డికి కట్టే ఇనుప వలవంటి దానితో పది అడుగుల గొడుగు చేసి ఆకాశము వైపు తిప్పారు. పట్నములోనే అరుదైన టెలివిజన్ ఆంధ్రప్రదేశ్ పల్లెలలో తెలుగులో మాట్లాడింది. సేద్యము, పిల్లల ఆరోగ్యము, చదువు గూర్చి చెప్పింది. ఆ ప్రసారాలు చూడడానికి ఇస్రో ఇంజనీర్లు కొలంబోలో క్లార్క్ ఇంటికి కూడా ఒక గొడుగు బిగించి వచ్చారు. అప్పటికి శ్రీలంకలో టెలివిజన్ ప్రసారాలే లేవు.

దివిసీమ నేర్పిన పాఠము

1977 నవంబరు 19 రాత్రిని తీరప్రాంతపు పెద్దలెవరూ మరచిపోలేదు. ఉప్పెన దివిసీమను ముంచింది. పదివేల మంది వరకు చనిపోయారు. సముద్రములో తుఫాను ఉన్నదని వాతావరణ శాఖకు తెలుసు. అయితే ఆ కబురు ఒడ్డు పల్లెలలో చాలామందికి సమయానికి అందలేదు.

1983లో ఇన్‌శాట్-1బి వెళ్ళింది. క్లార్క్ లెక్కించిన ఆ ఎత్తునుండే అది బంగాళాఖాతము మీది మబ్బులను బొమ్మ తీసి పంపేది. 1980ల మధ్య నుండి తీరపు గ్రామాలలో ప్రత్యేకమైన పెట్టెలు పెట్టారు. ప్రమాదము వచ్చినప్పుడు ఉపగ్రహము ద్వారా సైరను మ్రోగి, తరువాత ఆ ప్రాంతపు భాషలో హెచ్చరిక వినబడేది. ప్రభుత్వము, క్రైస్తవ సేవా సంస్థలు, ఇతర స్వచ్ఛంద సంస్థలు తుఫాను షెల్టర్లు కట్టాయి. 1990 మేలో మరో పెనుతుఫాను కృష్ణా తీరమును తాకినప్పుడు లక్షకు పైగా ప్రజలను ముందుగానే తరలించారు. అప్పటికీ సుమారు వెయ్యి మంది చనిపోయారు. ఆ దుఃఖము చిన్నది కాదు. రెండు తుఫానులను ఒకే తూకములో తూచలేము కూడా. అయినా ముందుగా అందిన కబురు, తలదాచుకునే గోడలు ఎన్ని కుటుంబాలను నిలిపాయో ఆ తీరములో ఉన్నవారికి తెలుసు.

2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుండి వెళ్ళిన ఇన్‌శాట్-3డిఎస్ కూడా ఇదే పనికి వెళ్ళిన వాతావరణ ఉపగ్రహము.

నమ్మవలసినది, నమ్మకూడనిది

ఆకాశయానాన్ని ప్రేమించేవారు చెప్పినదంతా జరుగుతుందనుకోకూడదు. తన ఉపగ్రహాలలో మనుష్యులు కాపురముండి యంత్రాలు చూసుకోవాలని క్లార్క్ 1945లో అనుకున్నారు. మనిషి లేకుండానే అవి పని చేశాయి. 1968లో ఆయన కథతో వచ్చిన సినిమాలో 2001 నాటికి చంద్రుని మీద మనుష్యులు నివాసమున్నారు. 2001 వచ్చి పోయింది, అక్కడ ఒక్క గుడిసె లేవలేదు. కృత్రిమ మేధ అనే కొత్త యంత్రాల గూర్చి నేడు వినబడే పెద్ద మాటలను కూడా ఇదే జాగ్రత్తతో వినాలి.

క్లార్క్ దేవుని నమ్మినవారు కారు. ఆ సంగతి దాచడము మాకు ఇష్టము లేదు. 2008 మార్చి 19న 90 ఏళ్ళ వయసులో ఆయన కొలంబోలో చనిపోయారు. ఆయన లెక్క వలన కలిగిన మేలును మన పల్లెలు అనుభవించాయి గనుక దానిని కృతజ్ఞతతో ఒప్పుకోవడము న్యాయము.

తల్లిదండ్రులకు ఒక మాట

ఫరో కల ఒక్కటే ఐగుప్తును కరవునుండి కాపాడలేదు. యోసేపు ఆ కలకు అర్థము చెప్పాడు, ధాన్యములో అయిదవ వంతు కూర్చుమన్నాడు, కొట్లు నింపించాడు. కథలు చదివే పిల్లవానికీ ఇదే దారి చూపించాలి. పుస్తకము లాక్కోవద్దు. "బాబూ, ఆ ఓడ ఎలా ఎగిరింది? అంత దూరము పోవడానికి ఎంత కాలము పడుతుంది?" అని అడగండి. కాగితము, పెన్సిలు ఇవ్వండి. ఆడపిల్లలనూ అలాగే అడగండి. శ్రీహరికోట రాకెట్ల వెనుక ఎందరో స్త్రీల లెక్కలున్నాయి. జవాబు మనకు తెలియకపోతే బడిలోని సైన్సు మాస్టారి వద్దకు పంపండి.

ఇక తీరప్రాంతపు సంఘాలకు మా విన్నపము. ఉపగ్రహము 36,000 కిలోమీటర్ల నుండి పంపిన హెచ్చరిక మన వీధిలోని చివరి పది గజాలు తనంతట తాను నడవలేదు. ఒంటరి ముసలమ్మ, నడవలేని తాతయ్య, నెలలు నిండిన తల్లి, మేకలను వదలి రానని భీష్మించే ఇంటివారు ఏ ఏ ఇళ్ళలో ఉన్నారో తుఫానుల కాలము రాకముందే యౌవనస్థులు వ్రాసి పెట్టుకోవాలి. ఎవరు ఎవరిని షెల్టరుకు తీసుకొని వెళ్ళాలో అప్పుడే నిర్ణయించుకోవాలి. ఆకాశపు కథలు ఇష్టపడే పిల్లవాడు మీ సంఘములో ఉంటే ఆ పట్టిక తయారు చేసే పని అతనికే అప్పగించండి.